తండ్రిని చుట్టపుచూపుకు పరిమితం చేయకండి: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 6(ఎ) సెక్షన్ బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, ఆయన తర్వాత తల్లి అనీ చెబుతుంది. ఆ వెంటనే, అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. అంటే పెత్తనం తండ్రికి, పెంపకం తల్లికి. తల్లికి జరిగిన అన్యాయాన్ని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు కొంత సరిదిద్దింది. తండ్రి బతికుండగానే తల్లి కూడా సంరక్షకురాలు కావచ్చంది. అది న్యాయమైన పోరాటం. పెంపకం ఆడవాళ్ల పనే అన్న రెండో సగం మాత్రం చట్టంలో అలాగే ఉంది.

నాకు ఏడేళ్ల కూతురు ఉంది. వాళ్లమ్మవి నైట్ షిఫ్టులు కాబట్టి నలుగు పెట్టి నీళ్లు పోసి, రెండు జడలు వేసి, బాక్సు కట్టి బడికి పంపింది నేనే. ఆమె మంచి తల్లి, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. విడిపోయాక కౌన్సెలింగ్‌లో నన్ను అడిగింది మాత్రం ఒకటే: "ఆడపిల్లను, మగాడివి, ఎలా పెంచుతావు?" అప్పటిదాకా పెంచినవాణ్నే ఆ మాట అడిగారు.

పిల్లను చూపించమని పిటిషన్ వేస్తే కౌంటర్‌కు, అంటే ఎదుటివారి జవాబుకు, ఒక వాయిదా, వాదనలకు ఇంకోటి, జడ్జిగారు సెలవులో ఉంటే మరొకటి. ఈలోగా "బిడ్డ ఒకచోట కుదురుకుంది, ఇప్పుడు కదిలిస్తే బెంగపడుతుంది" అన్న వాదన తయారవుతుంది. వాయిదాల వల్ల వచ్చిన ఎడబాటే తండ్రికి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌కు 2001లో చేసిన సవరణ చూడండి. పిల్లల పోషణ, చదువు ఖర్చుల దరఖాస్తును ఎదుటివారికి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని అందులో ఉంది. అది ఉండాల్సిందే, డబ్బు ఆపే తండ్రిని నేను సమర్థించను. అదే బిడ్డను చూడటానికి వేసిన దరఖాస్తుకు ఆ సవరణలో గడువు లేదు. తండ్రి జేబు మీదున్న తొందర తండ్రి ఒడి మీద ఎందుకు లేదు?

చివరికి వచ్చేది శనివారం రెండు గంటలు, కోర్టు ఆవరణలో ఒక గది. బయట కానిస్టేబుళ్లు, కేకలు. నాన్నా అని పిలిచేముందు నా కూతురు అటూ ఇటూ చూస్తుంది. పాలపన్ను ఊడిన సంగతి ఆ గదిలోనే తెలిసింది నాకు. ఫీజు కట్టమని బడి నుంచి మెసేజ్ వస్తుంది, పేరెంట్స్ మీటింగ్ కబురు మాత్రం రాదు.

తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ మానవ హక్కని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కస్టడీ లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ అయిదు పది నిమిషాలు ఫోన్లోనో వీడియో కాల్లోనో బిడ్డతో మాట్లాడే వీలు ఉండాలంది. కింది కోర్టుల్లో ఆ మాట అమలవడం ఏ న్యాయమూర్తి దగ్గరికి కేసు వెళ్లిందన్న అదృష్టం మీద ఆధారపడకూడదు. అమెరికాలో విడిపోయిన మన తెలుగువాళ్లు ఎందరో వారాలు పంచుకుని పిల్లల్ని పెంచుతున్నారు. ఇక్కడి తండ్రులకు చేతకానిదేమీ కాదది.

కొట్టే తండ్రికి, తాగి హింసించే తండ్రికి బిడ్డను అప్పగించమని నేను అడగడం లేదు. అలాంటి ఆరోపణ వస్తే ముందు దాన్నే, త్వరగా, విచారించాలి. మిగతావాళ్లందరినీ ఆ అనుమానంతోనే చూడకండి. తండ్రి దగ్గరున్న బిడ్డను తల్లికి చూపించని ఇళ్లూ ఉన్నాయి, ఆ తల్లులకూ ఇదే చట్టం కావాలి.

ఉమ్మడి కస్టడీని, అంటే విడిపోయినా ఇద్దరూ కలిసి బిడ్డను పెంచే ఏర్పాటును, కోర్టుల ముందు ఒక మార్గంగా పెట్టమనీ, 6(ఎ)లో తల్లిదండ్రులిద్దరినీ సమానంగా సహజ సంరక్షకులుగా గుర్తించమనీ 2015 మేలో, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ తన 257వ నివేదికలో కోరింది. 2022లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా ఆ దారినే సూచించింది. దానికి మరో రెండు చేర్చండి: చూడటానికి వేసిన దరఖాస్తుకూ అదే 60 రోజుల గడువు, ప్రమాదమేమీ లేనప్పుడు కోర్టు గదిలో కాకుండా ఇంట్లో, రాత్రి బస, సెలవులతో సహా కలిసి గడిపే ఏర్పాటు. కొత్త కమిటీ అక్కర్లేదు. లా కమిషన్ సవరణ బిల్లుల ముసాయిదాలు కూడా రాసి నివేదికకు జతచేసింది. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో వాటిని సభ ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక ఆడపిల్ల తండ్రి,
రాజమహేంద్రవరం