కొండవాలు ఇళ్లకు రక్షణ గోడ కట్టించండి: అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

విశాఖపట్నం కొండవాలు కాలనీవాసులం నమస్కరించి రాస్తున్నాం. మూడుసార్లు అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాం.

మా మెట్ల పక్క రాతి గోడ ఉబ్బింది. దాని పగులులో ఇప్పుడు అరచేయి పడుతుంది. కాలువ పూడిపోయి వాననీరు మట్టిలోకి ఇంకుతోంది. తడిసిన మట్టి బరువెక్కి గోడను తోస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానును చూసినవాళ్లం, మా భయం ఊరికే పుట్టింది కాదు. మబ్బు పట్టిందంటే గోడ కింది ఇంటి అవ్వ మనవళ్లను లేపి, దుప్పట్లతో గుడి అరుగు మీదికి చేరుతుంది.

ఖాళీ చేయమనకండి, మా కూలి పనులన్నీ ఈ చుట్టుపక్కలే. ఇంజనీరును పంపి గోడను పరీక్షించండి. ఈశాన్య రుతుపవనాలకు ముందే పూడిక తీయించి, గోడ కట్టించండి. పని మొదలయ్యే తేదీని రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
కాలనీవాసులు