ఆటోనగర్ పంపు మేస్త్రి గారికి కృతజ్ఞతలు

బండి నడుస్తోంది. నిన్న నర్సంపేట వైపు నుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి లోడుతో ఎక్కడా ఆగకుండా వచ్చింది. నిద్ర ఇంకా తీరలేదు, చేతులకు డీజిల్ వాసన పోలేదు. అయినా ఇది ఇప్పుడే రాయాలి.

తెలియని వాళ్ల కోసం: మా పికప్ ఇంజన్ లోపల పట్టేసి సీజ్ అయితే అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి ఎక్కించాం. స్టార్ట్ అయితే అయింది గానీ బండంతా వణుకు, పొగ, లోడు లాగదు. వేడెక్కాక ఆపితే మళ్లీ అందుకోదు, సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోవడమే. అటు మిర్చి సీజన్, ఇటు కిస్తీ తేదీ. పెద్ద సర్వీస్ సెంటర్‌కు పోతే, ఇంజన్ మార్చిన బండికి మేం గ్యారంటీ ఇవ్వలేం, ఇంజన్‌లోకి డీజిల్ చల్లే నాలుగు ఇంజెక్టర్లూ కొత్తవి వేయించుకోండి అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఏది పోయిందో విప్పి చూసింది లేదు.

అక్కడి నుంచి ఆటోనగర్ పోతుంటే రోడ్డు మీదే ఆగిపోయింది. నేను సెల్ఫ్ కొడుతుంటే, ఎదురుగా షట్టర్ సగం దించిన, ఇంజన్ల డీజిల్ పంపులు బాగుచేసే చిన్న షాపులోంచి ఒక పెద్దాయన వచ్చారు. "ఆపు తమ్మీ, బ్యాటరీ సంపకు. ఇంజన్ మార్చినవా?" అన్నారు. నేను పిలవలేదు. ఆయన ఇంటికి పోయే టైం అది.

నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి పోయేవి, ఊడదీసి, ఒక్కోదానికి సెలైన్ పైపు తొడిగి నాలుగు ఖాళీ నీళ్ల సీసాల్లోకి వదిలారు. సెల్ఫ్ కొట్టమన్నారు. మూడు సీసాల్లో అడుగు తడిసిందంతే, మూడో ఇంజెక్టర్ సీసా మాత్రం చూస్తుండగానే నిండుతూ వచ్చింది. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, అదే కామన్ రైలులో, దాదాపు 200 బార్ ప్రెజర్ ఎక్కితే గానీ బండి స్టార్ట్ కాదు, ఈ ఒక్కటి కారుతుంటే ఆ ప్రెజర్ ఎట్ల నిలుస్తది అన్నారు. వేడికి డీజిల్ పలుచనై ఇంకా ఎక్కువ కారుతుందట. దాన్ని తీసేసి, తన బెంచ్ మీద టెస్ట్ చేసి పెట్టుకున్న ఇంకో ఇంజెక్టర్ వేశారు, కింద రాగి వాషర్ కూడా కొత్తది.

ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. వణుకు మాత్రం పోలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన పాత టూత్‌బ్రష్ డీజిల్‌లో ముంచి ఒక్కో ఇంజెక్టర్ తల మీద మసి రుద్దారు. సన్నటి అక్షరాలు, అంకెలు బయటపడ్డాయి. ఫోన్ లైటు వేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి ఆయన చదువుతుంటే నేను అట్టముక్క మీద రాసుకున్నా. ఒకచోట "ఇది ఎనిమిదా, బీనా?" అని మళ్లీ తుడిచి చూశారు. ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చం ఒకేలా డీజిల్ చల్లవు. ఆ తేడాను ఫ్యాక్టరీలో కొలిచి కోడ్‌గా కొడతారు. మా బండి కంప్యూటర్‌లో ఇంకా పాత ఇంజన్ కోడ్‌లే ఉన్నాయి. స్కానర్‌తో కొత్త కోడ్‌లు ఎక్కించాక, బండి నిలిపి ఇంజన్ ఐడిల్‌లో పెడితే ఆ వణుకు లేదు, పొగ లేదు.

ఇంతే పని. ఆ సర్వీస్ సెంటర్‌లో ఇది తెలియదా? తెలిసీ మొత్తం సెట్టు అంటగడితే లోడు మీద బతికేవాడు ఏమైపోవాలి? కంపెనీలు సాఫ్ట్‌వేర్ తమ దగ్గరే దాచుకుంటే బయటి మేస్త్రీలు ఎలా నేర్చుకుంటారు? ఈయన సొంత డబ్బుతో స్కానర్ కొనుక్కుని నేర్చుకున్నారు. ఇక ఇంజన్ నంబర్ ఆర్సీలో ఎక్కించే తిప్పలు వేరే. ఆ కాగితం, ఈ కాగితం... ఇప్పుడు వద్దులెండి.

ఆయన ఇంజెక్టర్, వాషర్ డబ్బులే తీసుకున్నారు. మజూరీ ఇవ్వబోతే "ముందు లోడు కొట్టు" అన్నారు. నిన్న మధ్యాహ్నం మార్కెట్‌లో బస్తాలు దించుతుంటే ఆయనే ఫోన్ చేశారు. "మంచి ఎండ మీదున్నది, ఇంజన్ వేడి మీదున్నది. ఇప్పుడు ఆపి స్టార్ట్ చెయ్, నేను లైన్ల ఉంట." ఆపి, ఫోన్ బానెట్ దగ్గర పట్టుకుని స్టార్ట్ చేశా. వెంటనే అందుకుంది. "ఆఁ, ఇనవడ్డది, మంచిగున్నది" అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. నా బండి ఎండలో ఎలా ఉందో అని ఆయన అన్నం తినే వేళ గుర్తు పెట్టుకున్నారు. నేను ఆయనకు ఏమవుతాను? పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మీ రుణం తీర్చుకోలేను పెద్దనాయినా.

అమ్మ, మా ఆవిడ, బావమరిది ఎప్పట్లాగే నిలబడ్డారు, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

అయ్యో, రాత్రిపూట మెడికల్ షాపుకు ఉరికి సెలైన్ పైపులు తెచ్చిన పిల్లవాడికి థ్యాంక్స్. బండి పక్కకు తోసిన ఆటో అన్నలకు కూడా. నా లోడు ఆగకుండా తన బండిలో వేసుకుని, కిరాయి మొత్తం నాకే పంపిన పరకాల డ్రైవర్ తమ్ముడికి కూడా. తమ్మీ, నీ డీజిల్ డబ్బులు ఇంకా ఇవ్వలేదు, రేపు మార్కెట్‌కు వస్తే కలువు.