ఫిర్యాదు రాసే ముందు

చిన్నా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు రాత్రి పడుకోబోతూ చూశాను. ఇక నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "పోనీలే అక్కా" అని మాట మార్చేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకుందాం. నువ్వు ప్రాజెక్టుకు పంపిన ప్యాచ్ (కోడ్‌కు సవరణ) చూసిన ఆ పెద్ద ప్రోగ్రామర్ మొదటి వ్యాఖ్యలో తప్పు లేదు. "లెక్క తప్పు, టెస్టులు లేవు, ఇలాగైతే తీసుకోం" అనడం కటువుగా ఉంటే ఉండవచ్చు, కానీ ఆ మాటలు కోడ్ గురించి. "చదువు రానివాళ్లంతా ప్యాచ్‌లు పంపితే మా గతి ఇంతే" అన్నది మాత్రం నీ గురించి. ఆ తర్వాత నాలుగు రోజులు నీకు విడిగా పంపిన సందేశాలు చదివాక ఇక నాకు సందేహమే లేదు. మీ ప్రాజెక్టు తన ప్రవర్తనా నియమావళిగా పెట్టుకున్నది కాంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా. వేధింపు నలుగురిలో జరిగినా చాటుగా జరిగినా తప్పేనని ఆ నియమావళిలోనే ఉంది. "విడిగా అన్నారు కదా, ప్రాజెక్టుకేం సంబంధం" అని ఆయన తరఫున నువ్వే వాదించనక్కర్లేదు.

అంత పెద్ద ప్రోగ్రామర్ మీద నాలాంటివాడు ఫిర్యాదు చేయడమా అన్నావు. లైనక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ కన్నా పెద్దవారా ఈయన? లైనక్స్ కెర్నెల్‌వాళ్లు, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం రాసేవాళ్లు, 2015లో పెట్టుకున్న పత్రం పేరు 'కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్'. పేరులోనే పోట్లాట! 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన దురుసు ఈమెయిళ్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆ రోజుల్లోనే పాత పత్రం పోయి కాంట్రిబ్యూటర్ కవనెంట్ వచ్చింది. కెర్నెల్ పనేమీ ఆగిపోలేదు. అక్టోబరులో ఆయన తిరిగి వచ్చారు కూడా.

అలాగని నియమావళి పెట్టగానే అంతా చక్కబడుతుందని చెప్పను. కోరలైన్ ఎడా ఎమ్‌కీ 2014లో ఆ నమూనా తెచ్చినప్పటి నుంచి వేల ప్రాజెక్టులు దాన్ని తమ నియమావళిగా పెట్టుకున్నాయి. ఫిర్యాదు ఎవరికి పంపాలో రాసుకోవడానికి అందులో ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని అలాగే వదిలేసిన ప్రాజెక్టులు ఎన్ని చూశానో! గోడ మీద తలుపు బొమ్మ గీసి 'తట్టండి' అని రాసినట్టు ఉంటుంది. మీవాళ్లు నింపారు. అది ముగ్గురికి వెళ్లే ఈమెయిలు, ఆ ముగ్గురిలో ఈయన లేరు. నేను మొట్టమొదట వెతికింది అదే. ఎందుకో చెబుతాను. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో ప్రవర్తన సంగతులు చూసే మోడరేషన్ బృందమంతా ఒకేసారి రాజీనామా చేసింది. ప్రాజెక్టు పెద్దలైన కోర్ టీమ్ తమకు తాము తప్ప మరెవరికీ జవాబుదారీగా లేరన్నది వాళ్ల నిరసన. అక్కడ నియమాలకు లోటేమీ లేదు.

నేను మా ప్రాజెక్టులో ఫిర్యాదులు చూసే కమిటీలో ఉన్నాను కదా. అక్కడి సంగతులు ఇంట్లో కూడా చెప్పకూడదు. ఒక్కటి మాత్రం ఎవరిదో తెలియకుండా చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు నాది. ఒకరు ఫిర్యాదు పంపారు. అన్నీ చూశాకే జవాబివ్వాలనుకున్నాను. లింకులు తెరిచాను, పాత సంభాషణలు తవ్వాను, మిగతా ఇద్దరితో చర్చించాను. 19 రోజులు పట్టింది. నిర్ణయం సరైనదే. కానీ అన్నాళ్లూ "అందింది, చూస్తున్నాం" అని ఒక్క ముక్క రాయలేదు. నా జవాబు వెళ్లేసరికి వారు ప్రాజెక్టు వదిలేశారు. తిరిగి రాసింది రెండే వాక్యాలు: "మీరు చూస్తున్నారని నాకెలా తెలుస్తుంది? నాకు రోజూ కనిపించింది అతనొక్కడే." ఇప్పుడు మా దగ్గర ఫిర్యాదు వస్తే ఆ రోజే అందిందని రాస్తాం. మీవాళ్లు మూడు రోజుల్లో పలకకపోతే మొహమాటపడకుండా మళ్లీ రాయి.

రాసేటప్పుడు "ఆయన మంచివారు కాదు" అని రాయకు, దానితో కమిటీ ఏమీ చేయలేదు. ఏ రోజు, ఎక్కడ, ఏమన్నారో ఆయన మాటల్లోనే పెట్టు. నువ్వు పంపిన రెండో స్క్రీన్‌షాట్‌లో తేదీ కత్తిరించేశావు, అది మళ్లీ తీయి. ఆయన సందేశాలు చెరిపేయకముందే తీయి. ఒకసారి నువ్వూ విసిగి "మీకు తెలిసిందేముంది" అన్నావు చూడు, అదీ పెట్టు. ఎలాగూ ఆయన చూపిస్తారు. చివర నీకేం కావాలో చెప్పు. సందేశాలు ఆగితే చాలనుకుంటే ఆ మాటే రాయి.

నీ గోప్యత కాపాడడం కమిటీ బాధ్యత. అయితే ఆ సందేశాలు వచ్చింది నీకొక్కడికే, కాబట్టి ఆయన ఊహించగలరు. ఆ సంగతి మనసులో పెట్టుకునే పంపు. నీ వల్ల ఆయనను వెళ్లగొట్టేస్తారని మాత్రం భయపడకు. 2020లో వచ్చిన కవనెంట్ రెండో వెర్షన్‌లో చర్యలకు నాలుగు మెట్లున్నాయి. మొదటిది ఆయనకొక్కరికే వెళ్లే లిఖిత మందలింపు. శాశ్వత నిషేధం నాలుగో మెట్టు. ఏ మెట్టన్నది నువ్వు కాదు, వాళ్లు తేలుస్తారు.

ఇక ప్యాచ్ సంగతి. లీపు సంవత్సరం లెక్కలో ఆయన చూపించిన తప్పు నిజమే చిన్నా. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 లీపు సంవత్సరం. నువ్వు నాలుగుతో భాగించి వదిలేశావు, వందతోనూ నాలుగువందలతోనూ కూడా చూడాలి. ఆ రెండు సంవత్సరాలకూ టెస్టులు చేర్చి మళ్లీ పంపు. ఈసారి మరొకరు చూడాలని ఫిర్యాదులోనే అడుగు.

అక్క