442వ రెజిమెంట్ కథ 1946తో అయిపోలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లతో కట్టిన అమెరికా సైన్యపు 442వ ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) రెజిమెంట్ మీద కథనం చదివాను. ఇలాంటి సంగతులు తెలుగులో రావడమే తక్కువ, అందుకు ముందు థాంక్స్. కానీ రెండు చోట్ల పంటికింద రాయి తగిలింది. శీర్షికలో "జపాన్ సైనికులు" అన్నారు, చివర్లో యుద్ధం అవగానే రెజిమెంటును రద్దు చేశారని ముగించేశారు. మొదటిది తప్పు, రెండోది సగం నిజం.

వాళ్లు జపాన్ సైనికులు ఎలా అవుతారండీ? జపాన్ నుంచి హవాయి చెరకు తోటలకి కూలికొచ్చినవాళ్ల పిల్లలు, కాలిఫోర్నియాలో కూరగాయలు పండించిన రైతుల పిల్లలు, పుట్టడమే అమెరికా పౌరులుగా పుట్టారు. 1941 డిసెంబరులో హవాయిలోని పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక ఒక్కసారిగా అందరికీ అనుమానితులైపోయారు. హొనొలులులో కాలేజీ కుర్రాళ్లు తుపాకులు పట్టుకుని నీళ్ల ట్యాంకులకీ కరెంటు స్టేషన్లకీ కాపలా కాస్తుంటే, కొన్ని వారాలకే మీ మొహాలు జపాన్ మొహాలు, ఇళ్లకి పొండి అన్నారు. వాళ్లలో 169 మంది, తుపాకీ ఇవ్వకపోతే పార ఇవ్వండి అని వెళ్లి, సైన్యం కోసం రోడ్లేసి, రాళ్లు కొట్టి, కందకాలు తవ్వారు. అవతల పశ్చిమ తీరంలో 1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన 9066 ఉత్తర్వు పుణ్యమా అని సుమారు 1,20,000 మంది ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి ముళ్లకంచెల శిబిరాలకి పోవాల్సి వచ్చింది. వాళ్లలో మూడింట రెండొంతులు పౌరులే.

మీ కథనంలో అసలు రాని ముక్క ఒకటుంది, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. 1943లో ఈ రెజిమెంట్ కట్టినప్పుడు హవాయిలో 1,500 మంది కావాలంటే దాదాపు 10,000 మంది ముందుకొచ్చారు. శిబిరాల్లో ఉన్నవాళ్లు మాత్రం అంత ఉత్సాహంగా రాలేదు, సైన్యం 3,000 మంది వస్తారనుకుంటే వచ్చింది వెయ్యి పైచిలుకే. ఎందుకొస్తారు? అమ్మానాన్నల్ని కంచె వెనక పెట్టి కొడుకుని తుపాకీ పట్టమంటే! మిసిసిపీలోని సైనిక శిక్షణ కేంద్రం క్యాంప్ షెల్బీలో ఈ రెండు గుంపులూ కలిసేసరికి రోజూ కొట్లాటలే. ఖాళీ కొబ్బరికాయ నేల మీద పడితే వచ్చే చప్పుడు అని హవాయి కుర్రాళ్లు రెండో గుంపుకి "కొటాంక్" అని పేరు పెట్టారు, బుర్రలో ఏమీ లేదని వెక్కిరింత. చివరికి అధికారులు హవాయి వాళ్లని బస్సుల్లో ఆర్కన్సాలోని శిబిరాలకి తీసుకెళ్లారు. కంచె, కాపలా బురుజులు, లోపల పిల్లలతో కాపురాలు, తమ రేషన్‌లోంచే అతిథులకి విందు పెట్టిన జనం. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ నోరు మెదపలేదట. మరుసటి రోజు నుంచి కొట్లాటలు తగ్గిపోయాయని, తర్వాత సెనేటర్ అయిన డేనియల్ ఇనౌయే చెప్పేవాడు, ఆయనా ఆ బస్సుల్లో వెళ్లినవాడే.

యుద్ధం సంగతి మీరు బాగానే రాశారు, మళ్లీ చెప్పను. 1944 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో చిక్కుపడ్డ టెక్సాస్ బెటాలియన్‌లో 211 మందిని బయటికి తేవడానికి వీళ్లలో దాదాపు 800 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. తర్వాత డివిజన్ జనరల్ పెరేడ్ పెట్టమని, వచ్చిన కొద్దిమందిని చూసి, మిగతావాళ్లేరి అని విసుక్కున్నాడు. మిగిలింది వీళ్లే అని జవాబొచ్చింది. ఇంకో మాట, మన పాఠకులకి తెలియాల్సింది. ఈ రెజిమెంట్‌లో కలిసిన 100వ బెటాలియన్ 1944 మొదట్లో ఇటలీలోని కాసినో దగ్గర నలిగిపోయి వెనక్కి వచ్చాక, అదే కొండ మీదికి ఎక్కాల్సిన వంతు మన 4వ భారత డివిజన్‌కి వచ్చింది. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో నాకైతే ఎక్కడా కనపడలేదు.

ఇక రద్దు సంగతి. 1946 జులైలో ట్రూమన్ వాషింగ్టన్‌లో వానలో నిలబడి వీళ్లని పరిశీలించాడు, మీరు శత్రువుతోనే కాదు, వివక్షతోనూ పోరాడి గెలిచారన్నాడు. ఆ ఏడాదే రెజిమెంట్ మూతపడిన మాట నిజమే. కానీ 1947లోనే హవాయిలో ఆర్మీ రిజర్వ్‌లో దాన్ని మళ్లీ తెరిచారు. రిజర్వ్ అంటే మన టెరిటోరియల్ ఆర్మీలాంటిదే అనుకోండి, ధోనీ పుణ్యమా అని ఇప్పుడందరికీ తెలుసు కదా. వారమంతా వాళ్ల ఉద్యోగం వాళ్లది, నెలకో వారాంతం డ్రిల్లు, ఏడాదికి రెండు వారాల శిక్షణ, పిలుపొస్తే యూనిఫాం. 1968లో వియత్నాం కాలంలో పిలిచారు, దళంగా పంపలేదు గానీ మనుషుల్ని విడివిడిగా అక్కడికి పంపారు. 2005లో ఇరాక్‌లో ఉన్నారు. పెద్ద రెజిమెంట్ తగ్గి తగ్గి ఇప్పుడు ఒక్క బెటాలియన్ మిగిలింది, 442వ రెజిమెంట్ 100వ బెటాలియన్ అని పిలుస్తారు. మొత్తం అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో ఉన్న ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ ఇదొక్కటే. కంపెనీలు హవాయిలోనే కాదు, అమెరికన్ సమోవా, గువామ్, సైపాన్ దీవుల్లో కూడా ఉన్నాయి. అంటే జపాన్ ఇంటిపేర్ల పక్కన సమోవా పేర్లు, గువామ్, సైపాన్ మూలవాసులైన చమోరోల పేర్లు, నినాదం మాత్రం అదే, ఉన్నదంతా ఒడ్డి ఆడే జూదగాళ్ల మాట, "గో ఫర్ బ్రోక్".

మీ రచయిత దీన్ని "విధేయత నిరూపించుకున్న వీరగాథ" అన్నారు. నాకు ఆ మాట గుచ్చుకుంటోంది. మా అమ్మాయి, అల్లుడు కూడా అమెరికాలోనే ఉంటున్నారు, మనవడు అక్కడే పుట్టాడు, వాడిది అమెరికా పాస్‌పోర్టు. రేపు ఏదో దేశంతో గొడవొస్తే వాడు మొహం రంగుకి సంజాయిషీ ఇచ్చుకోవాలా? ఇనౌయే 1945 ఏప్రిల్‌లో ఇటలీలో కుడిచెయ్యి పోగొట్టుకుని యూనిఫాంలో ఇంటికి వెళ్తూ దారిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్షవరానికి వెళితే, జపాన్ వాళ్లకి ఇక్కడ చెయ్యం పొమ్మన్నారు. ఇంకేం నిరూపించాలి? అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ యుద్ధం అయిన కొత్తలో ఈ రెజిమెంట్ మొత్తానికి ఒక్కటే వచ్చింది, అదీ చనిపోయిన సడావో మునెమోరికి. మీరు గొప్పగా రాసిన 21 మెడల్ ఆఫ్ ఆనర్ పతకాల్లో మిగతా 20, ఇనౌయేదితో సహా, 2000 సంవత్సరంలో క్లింటన్ ఇచ్చేదాకా రానేలేదు. శిబిరాల్లో పెట్టినందుకు క్షమాపణ, బతికున్నవాళ్లకి తలా 20,000 డాలర్లు 1988 చట్టంతో గానీ రాలేదు. ఈ తేదీలు కూడా పక్కన వేసి ఉంటే "వీరగాథ" అన్న మాట అంత తేలిగ్గా కలం నుంచి జారేది కాదేమో.

సవరణ వేస్తారు కదా. లోపలి పేజీలో మూలన చిన్నక్షరాల్లో వేసినా పర్లేదు గానీ, "జపాన్ సైనికులు" అన్నది మాత్రం ఆన్‌లైన్‌లో ఉన్న శీర్షికలో కూడా మార్చండి, నేను నిన్న చూసినప్పుడు ఇంకా అలాగే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ