ఆయుధాలు అప్పగించాకే అసలు పని

సంపాదకుడికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో ఐక్యరాజ్యసమితి శాంతి దళాల మీద వచ్చిన వ్యాసానికి ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఎదురుచూశాను. ఇంతవరకు ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఈ దళాలు ఎక్కడా శాంతి తేలేదట, మన జవాన్లను పరాయి గొడవల్లోకి పంపడం దండగట. శాంతి దళాలు ఉండగానే ఊచకోతలు జరిగిన ఆఫ్రికా దేశం రువాండా, బోస్నియాలోని స్రెబ్రెనిట్సా పేర్లు చెప్పి వ్యాసకర్త ఇంత మాట తేల్చేశారు.

ఆ రెండు చోట్లా జరిగింది ఘోరమే, కాదనను. కానీ ఎందుకు జరిగిందో కూడా రాయాలి కదా! రువాండాలో దళాధిపతి డలేర్ 1994 జనవరిలోనే ఆయుధాలు ఎక్కడ దాచారో తెలిసిందని, సోదా చేస్తామని న్యూయార్క్‌కి కబురు పంపారు. వద్దని జవాబు వచ్చింది. ఏప్రిల్‌లో ఊచకోత మొదలైంది. పదిమంది బెల్జియం సైనికులు చనిపోగానే ఆ దేశం తన దళాన్ని వెనక్కి పిలిపించుకుంది. భద్రతా మండలి ఇంకా మందిని పంపకపోగా, ఉన్నవాళ్లను 270కి తగ్గించాలని తీర్మానించింది. కాపలావాడి చేతిలో కర్ర లాక్కుని, ఇల్లు దోచుకుపోయాక అతన్నే తిట్టినట్టుంది ఈ వాదన.

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ సంగతి ఆ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అక్కడ 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం సాగింది. చిన్నపిల్లల చేతికి కూడా తుపాకులు ఇచ్చారు. 2000లో అక్కడి కైలాహున్ పట్టణంలో శాంతి దళంలోని మన సైనికులు 200 మందికి పైగా తిరుగుబాటుదారుల ముట్టడిలో చిక్కుకుంటే, జులైలో ఆపరేషన్ ఖుక్రీ చేసి విడిపించుకున్నారు. ఆ తర్వాత 70 వేల మందికి పైగా ఆయుధాలు అప్పగించారు, ఎన్నికలు జరిగాయి, 2005 చివర్లో శాంతి దళం వెళ్లిపోయింది. మళ్లీ యుద్ధం రాలేదు. ఇలాంటి పనుల్లో దాదాపు 180 మంది భారతీయులు ప్రాణాలిచ్చారు, ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. వాళ్ల త్యాగాన్ని దండగ అనడానికి మనసెలా వచ్చింది?

శాంతి దళాల్లో తప్పులు లేవని నేను అనడం లేదు. హైతీలో 2010లో వాళ్ల శిబిరం మురుగు నుంచే కలరా పాకి వేలమంది చనిపోయారు. తమ పాత్ర ఉందని ఒప్పుకోవడానికి సమితికి 2016 దాకా పట్టింది. అది సిగ్గుచేటు. అలాంటివి రాయండి, చదువుతాం.

కానీ అసలు విషయం వేరే ఉంది. యుద్ధం ఆపడం ఒక పని, ఆగాక దేశాన్ని నిలబెట్టడం ఇంకో పని. సియెర్రా లియోన్ పక్కనున్న లైబీరియాలో యుద్ధం ఆగాక, 2003 డిసెంబరులో పోరాడినవాళ్ల నుంచి ఆయుధాలు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. తగిన ఏర్పాట్లు లేవు, ఇస్తామన్న డబ్బు చేతికి రాలేదు. వచ్చినవాళ్లు తిరగబడ్డారు, ప్రాణాలు పోయాయి, కార్యక్రమం ఆపేసి 2004 ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ దేశంలో పోలీసు వ్యవస్థను కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. 2007లో అక్కడికి వెళ్లిన వందమందికి పైగా మన మహిళా పోలీసులను చూసి స్థానిక ఆడపిల్లలు పోలీసుల్లో చేరడానికి ముందుకొచ్చారు. పోలీసు, కోర్టు, బడి, చేతికి పని, ఇవన్నీ కుదిరితేనే శాంతి నిలుస్తుంది.

ఇది ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకునేవాళ్లు మా సిరోంచ వచ్చి చూడాలి. 2025 అక్టోబరులో మా గడ్చిరోలిలో మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాల్ మరో 60 మందితో కలిసి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ముందు ఆయుధాలు అప్పగించారు. ఫోటోలు అన్ని పత్రికల్లో మొదటి పేజీలో వచ్చాయి. మంచిదే, మేమూ సంతోషించాం. ఇన్నేళ్ల టెన్షన్ తగ్గుతుందంటే ఎవరికి చేదు? మరి ఆ తర్వాత ఏంటి? ఇక్కడ సాత్‌బారాలో, అంటే భూమి పత్రంలో, తండ్రి పేరు తీసి కొడుకు పేరు ఎక్కించాలంటే నెలల తరబడి తిరగాలి. మా బంధువుల కాగితం ఒక ఆఫీసులో ఎంతకాలంగా పడి ఉందో! అడిగితే సాహెబ్ మీటింగ్‌లో ఉన్నారంటారు. మేడిగడ్డ బ్యారేజీ నీళ్లకు పొలాలు మునిగిన రైతులు పరిహారం కోసం ధర్నాలు చేయాల్సి వచ్చింది. ఆలాపల్లి రోడ్డు మీద కాన్పుకి ఆడమనిషిని తీసుకెళ్లాలంటే ఇంటిల్లిపాదికీ భయమే. ప్రభుత్వం అంటే జనానికి కనిపించేది తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), డాక్టరు, మాస్టారు, ఎస్టీ బస్సు (మా ప్రభుత్వ బస్సు). అవి సమయానికి రాని చోట తుపాకీ పట్టుకున్నవాడి మాట వినేవాళ్లు పుడతారు. లైబీరియాలోనైనా ఇక్కడైనా అంతే.

మీ పత్రిక గోదావరి దాటి ఇక్కడికి చేరుతుంది, మేం డబ్బులిచ్చి కొని చదువుతాం. ఒకప్పుడు విదేశీ వ్యవహారాల మీద వ్యాసం వేస్తే చరిత్ర, కారణాలు, రెండు వైపుల వాదనలు ఉండేవి. ఇప్పుడు అరపేజీ ఆవేశం, పక్కన పెద్ద ఫోటో. దయచేసి ఆ పేజీ చూసేవాళ్లను కాస్త చదివి, సరిచూసి వేయమని చెప్పండి.

ఇంకొక కోరిక. ఆ రోజు ఆయుధాలు అప్పగించినవాళ్లకు ఇల్లు దొరికిందా, పని దొరికిందా, కేసుల సంగతి ఏమైంది, సొంత ఊళ్లు రానిస్తున్నాయా, మీ విలేకరిని పంపి రాయించండి. లొంగుబాటు ఫోటో వేసిన మొదటి పేజీలోనే అదీ వేయండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర