గంగమ్మ మొదటి రోజే ఎందుకు చంపలేదు?

సంపాదకులు గారికి నమస్కారం.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర 30 ఏళ్లుగా జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్నదాన్ని. ఆదివారం మీ పిల్లల పేజీ మా మనవడికి నేనే చదివి వినిపిస్తాను. ఈ మధ్య అందులో రూపాలు మార్చుకునే హీరోలు ఎక్కువయ్యారు. ఉంగరం తిప్పితే పులి, మళ్లీ తిప్పితే డేగ. దెబ్బ తగలదు, అలుపు రాదు. పులే ఎందుకు కావాలో, డేగే ఎందుకు కావాలో కథలో ఉండదు. మొదట్లో వాడు గంతులేస్తూ విన్నాడు. మొన్న కథ సగంలో లేచి, "ఎట్లాగూ గెలుస్తాడులే అవ్వా" అని ఆటకు పోయాడు.

అదే పిల్లోడు మే నెలలో గంగమ్మ జాతరప్పుడు ఒక ప్రశ్నతో నన్ను పట్టుకున్నాడు. "గంగమ్మకి అన్ని పవర్స్ ఉండాయి కదా, మొదటిరోజే పాలెగాణ్ణి చంపేయొచ్చు కదా అవ్వా?"

నాకు మా అత్త చెప్పిన కథే వాడికీ చెప్పాను. ఆడపిల్లల్ని బతకనీయని పాలెగాడు గంగమ్మ మీదా చెయ్యి వేయబోతే తల్లి నిజరూపం చూపించింది. వాడు హడలిపోయి ఎక్కడో దాక్కున్నాడు. అంత బలం చూశాక ఎవడైనా ఎదురుగా నిలబడతాడా? అందుకని రోజుకో వేషం కట్టి ఊరంతా వెతికింది. నామాలు పెట్టుకునే నామకొమ్ము పూసుకుని తెల్లగా బైరాగి వేషం, కుంకుమతో ఎర్రగా బండ వేషం, బొగ్గుపొడితో నల్లగా తోటి వేషం. వాడు బయటికి రాలేదు. చివరికి దొరలా వచ్చింది. తనకంటే పెద్దవాడొచ్చాడు, దండం పెట్టుకోవాలని వాడు బయటికొచ్చాడు, తల తెగింది. వాడు ఎవరికి తల వంచుతాడో కనిపెట్టింది కాబట్టే ఆ వేషం పారింది. నాకు మరీ ఇష్టమైంది ఆ తర్వాతి మాతంగి వేషం. చచ్చినవాడి ఇంటి ఆడవాళ్లను ఓదార్చడానికి తల్లి ఆ రూపంలో వెళ్లింది. చంపిన దొర రూపంతో పోయి ఓదార్చలేదు కదా.

రామాయణంలోనూ అంతే. సురస నూరు యోజనాల నోరు తెరిస్తే హనుమంతుడు బొటనవేలంత అయి లోపలికి దూరి బయటపడ్డాడు. మారీచుడు బంగారు జింక అయినా బాణం దెబ్బ తప్పలేదు, ప్రాణం పోయేటప్పుడు రాక్షస రూపమే బయటపడింది.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా ఆయనకు కామెర్లు తగ్గితే జాతరకు ఆడవేషం కట్టిస్తానని మా అత్త మొక్కుకుంది. ఆయన కొలతకు జాకెట్టు నేనే కుట్టాను, చంక దగ్గర పిగిలిపోకుండా రెండు వరసల కుట్టు వేశాను. నా పెళ్లి చీర కట్టి, పమిటకు నాలుగు పిన్నులు పెట్టాను. మెట్లు దిగేటప్పుడే కుచ్చిళ్లు తొక్కుకుని రెండుసార్లు తూలాడు. ఎండలో, ఆ జనంలో గుడికి పోయి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకునే, "దీంతోనేనా నువ్వు దినామూ నీళ్ల బిందె మోసేది?" అన్నాడు. మర్నాటి నుంచి బిందె ఆయనే పట్టాడు.

కథలు రాసేవాళ్లకు నా మనవి ఒకటే. రూపం మార్చే శక్తి ఇవ్వండి, కాదనను. ఆ రూపమే ఎందుకో, ఆ ఒంట్లో ఉన్నంతసేపు వాడికి ఏం తెలిసిందో కూడా రాయండి. ఏటా జాతరకు మీరు రంగుల ఫోటోలు వేస్తారు, కింద 'వివిధ వేషాల్లో భక్తులు' అని ఒక్క లైను. తరతరాలుగా అమ్మవారి వేషం కడుతున్న కైకాల కుటుంబాల పెద్దలను అడిగి, వేషానికో కథ చొప్పున ఆ వారం పిల్లల పేజీలో వేయండి. ఈసారి ఫోటోలన్నీ మావాడు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకున్నాడు. బైరాగి ఏదో, బండ ఏదో నేను చెబితే పేర్లు రాసుకున్నాడు.

– ఒక పాఠకురాలు, తాతయ్యగుంట, తిరుపతి