డిక్కీ మీద దబదబా కొట్టిన అన్నకి బోల్డు థాంక్స్

మొన్న ఆదివారం పొద్దున్న విశాఖలో ఎండాడ దాటాక హైవే పక్క బంకులో నా వెనకాల చేపల లోడుతో ఆగిన గూడ్స్ ఆటో అన్నా, నీ పేరు అడగలేదు, ఫోన్ నెంబరు తీసుకోలేదు, ఆ కంగారులో బుర్ర పనిచెయ్యలేదు. నిన్ను ఎరిగినవాళ్లు ఎవరైనా ఇది చూసి నీకు చెప్తారేమోనని రాస్తున్నాను. ఫిషింగ్ హార్బర్ నుంచి వస్తున్నావు, ముందు అద్దం మీద కనకమహాలక్ష్మి అమ్మవారి బొమ్మ ఉంది, అంతవరకే గుర్తు.

సంగతేంటంటే విజయనగరంలో మా తోడల్లుడి గృహప్రవేశం. నాది చిన్న పెట్రోల్ బండి, అందరం పట్టం అని మామగారి బండి తీసుకున్నాను, ఆయన ముందురోజే వెళ్లిపోయారు. ఆయనది డీజిల్. ఆ విషయం నాకు తెలీక కాదండీ, పెళ్లైన దగ్గర్నుంచీ ఆ బండి సౌండ్ వింటూనే ఉన్నాను, కానీ బంకులో ఆపగానే నోరు దాని అలవాటు ప్రకారం "పెట్రోల్, రెండు వేలకి" అనేసింది. ట్యాంకు మూత దగ్గర డీజిల్ అని స్టిక్కర్ ఉండేదట ఒకప్పుడు, ఎండకీ ఉప్పుగాలికీ వెలిసిపోయి ఇప్పుడు జిగురు మరక మిగిలింది. బంకు కుర్రాడిని ఏం అనడానికి లేదు, నేను అడిగిందే కొట్టాడు. పైగా "జీరో చూస్కోండి సార్" అని కూడా అన్నాడు, నేను కళ్లు పెద్దవి చేసి మరీ జీరో చూశాను, దాని పక్కన ఏం రాసుందో చూడలేదు.

పెట్రోల్ నాజిల్ సన్నంగా ఉంటుంది కాబట్టి డీజిల్ బండి హోల్‌లోకి హాయిగా దూరిపోయింది, ఎక్కడా అడ్డం పడలేదు. పద్దెనిమిది లీటర్ల పైన పడింది. డబ్బులిచ్చి కూర్చున్నాను, వెనక నుంచి అత్తగారు "ఉక్కపోసేస్తోంది బాబూ, ముందు ఆ ఏసీ వెయ్యి" అన్నారు, తాళం మీద చెయ్యి వేశాను, అప్పుడు డిక్కీ మీద దబదబా దెబ్బలు. ఎవడ్రా అని కోపంగా తల బయటపెడితే నువ్వు పరిగెత్తుకొస్తూ "తాళం తిప్పకండి సార్! అది డీజిల్ బండి కదేటి, పెట్రోలు కొట్టించీసేరు!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక చెమటలు పట్టేశాయి. నీకెలా తెలిసింది అంటే "మీరు బంకులోకి వచ్చినపుడే ఇన్నాను కదా సార్, టకటకమని సౌండు" అన్నావు. కుర్రాడు నాజిల్ మూతి నీ వేళ్ల మీద ఆనిస్తే చుక్క పడి చల్లగా ఆరిపోయింది, నువ్వు అది చూపించి "డీజిలైతే జిడ్డుగా ఉండిపోద్ది సార్" అన్నావు చూడు, అప్పటికి గానీ అత్తగారు నమ్మలేదు.

బంకు మేనేజరు గారు లోపల ట్యాంకు ఖాళీ చెయ్యనివ్వం అన్నారు, అది కరెక్టే, పెట్రోల్‌తో ఆటలా. కానీ కుదరదని చెప్పి ఊరుకోకుండా ఇద్దరు కుర్రాళ్లని ఇచ్చారు, న్యూట్రల్‌లో పెట్టి తోసుకుంటూ సర్వీసు రోడ్డు మీదకి దూరంగా తెచ్చాం. ఇసుక బకెట్టు కూడా పంపించారు. థాంక్స్ సార్.

ఇక్కడితో అన్న వెళ్లిపోవచ్చు. ఆటోలోంచి ఐసు నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి, పైన వంజరాలు, కానాగంతలు. అయినా మధురవాడ కార్‌షెడ్ దాకా వెళ్లి తెలిసిన మెకానిక్‌ని నిద్ర లేపి తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెనక్కి వచ్చాడు. ఐదు వందలు ఇవ్వబోతే ఒళ్లుమండినట్టు చూశాడు. పోనీ నీ ఆటోకి డీజిల్ కొట్టిస్తానన్నాను. "సరే కానీ, ఏది కొట్టాలో మీరు సెప్పకండి, నాను సెప్తాను" అన్నాడు. బంకు మొత్తం నవ్వింది. రెండు వందలకి కొట్టించుకుని ఐస్ కరిగిపోద్దని వెళ్లిపోయాడు.

మెకానిక్ తమ్ముడు వస్తూనే అడిగిన మొదటి ప్రశ్న "తాళం ఆన్ చేసేరా?" లేదంటే ఊపిరి పీల్చుకున్నాడు. చాలా బళ్లలో స్టార్ట్ చెయ్యక్కర్లేదంట, తాళం ఆన్ చేస్తే చాలు పంపు తిరిగి ట్యాంకులో ఉన్నదాన్ని లైన్‌లోకి తోసేస్తుందంట. ఇంజను దగ్గరుండే హై ప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ అంటూ ఉండదు, డీజిల్‌లో ఉన్న జిడ్డే దానికి ఆయిల్. పెట్రోల్ ఆ జిడ్డుని కడిగేస్తే ఇనుముకి ఇనుము రాసుకుని పొడి రాలుతుంది, ఆ పొడి పోయి ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో కూర్చుంటుంది, అప్పుడు పంపూ ఇంజెక్టర్లూ అన్నీ మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటినా ఆశ్చర్యం లేదన్నాడు. పెట్రోల్ బండిలో డీజిల్ పడితే ఇంత ఘోరం కాదట, పొగ కక్కి ఆగిపోతుంది, కడిగి ప్లగ్గులు చూసుకుంటే చాలావరకు సరిపోతుందట. మనం చేసింది రెండోది కాదు, మొదటిదే.

ఆ పెట్రోల్ పైన డీజిల్ పోసేస్తే కలిసిపోదా అని నేనూ అడిగాను, అందరూ ఇదే అడుగుతారట. కలుస్తుందిలే సార్, అదే కదా బాధ అన్నాడు. ట్యాంకు మొత్తం క్యాన్లలోకి దించి, ఐదు లీటర్లు కొత్త డీజిల్ పోసి మళ్లీ దించి, ఫిల్టర్ మార్చాడు. ఆదివారం స్పేర్ పార్ట్స్ షాపు తియ్యరు కదా, ఓనర్‌కి ఫోన్ చేసి బతిమాలి షట్టర్ సగం ఎత్తించి తెచ్చాడు ఆ ఫిల్టర్‌ని. ఫిల్టర్ దగ్గర బీపీ మిషన్ బల్బులాంటి నల్ల రబ్బరు బుడ్డి ఒకటుంది, అది గట్టిపడేదాకా నన్ను నొక్కమన్నాడు, గాలి పోవాలట. చెయ్యి లాగేసింది గానీ ఆ పూట నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. నాలుగోసారికి బండి స్టార్టయింది, రోజూ విసుక్కునే ఆ టకటక సౌండ్ అప్పుడు సన్నాయి మేళంలా వినపడింది. ఫిల్టరూ లేబరూ కలిపి మూడు వేలు కూడా కాలేదు.

పక్కన టీ కొట్టు అక్కకి కూడా చెప్పాలి. అత్తగారికి కుర్చీ వేసి, పిల్లలకి బిస్కెట్లు ఇచ్చి, రెండున్నర గంటలు నీడలో కూర్చోబెట్టుకుంది, మేము తాగింది ఎనిమిది టీలు మాత్రమే. కాకపోతే ఆ కుర్చీలో కూర్చునే అత్తగారు విజయనగరంలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్ చేసి విషయం చెప్పేశారు, అది మాత్రం అక్క తప్పు కాదు.

ముహూర్తం ఎలాగూ పోయింది, భోజనాల టైముకి చేరాం. మామగారు ఒక్క మాట అనలేదు. విస్తరి ముందు కూర్చున్నాక వడ్డించే కుర్రాడితో "అల్లుడుగారికి నెయ్యి వెయ్యమ్మా, చూసి వెయ్యి, నెయ్యే కదా అది?" అన్నారు. పంక్తి పంక్తంతా నవ్వే. సాయంత్రానికి ట్యాంకు మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో డీజిల్ అని పెద్దక్షరాలతో రాసి ఉంది, చేతిరాత మా ఆవిడది.

అన్నా, ఆ వంజరాలు టైముకి చేరాయా? ఐస్ ఎంత కరిగిందో ఏమో, నీకేమైనా నష్టం వచ్చుంటే మొహమాటపడకుండా చెప్పు.